బీడీకీ క్యాన్సర్‌కీ నడుమ పేదరికం

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరపు పల్లెల్లో నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగే అలవాటు తరతరాలుగా ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. ముఖ్యంగా ఇది ఆడవాళ్ల అలవాటు, తల్లి నుంచి కూతురికి వచ్చింది. చుట్ట వెలిగించి, కాలుతున్న కొసను లోపలికి తిప్పి, పెదవులు బిగిస్తారు. నిప్పు నాలుకకూ అంగిలికీ మధ్య రాజుకుంటూ ఉంటుంది. బూడిద కూడా నోట్లోనే రాలుతుంది. ఎందుకిలా తాగుతారని అడిగితే వాళ్లు చెప్పే కారణాలు చాలా మామూలువి. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. బట్టలు ఉతుకుతున్నప్పుడు నీళ్లు చింది తడవదు. చంకలో ఉన్న బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది.

ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్ల మీద, నాలుక మీద వస్తుంటే ఈ తీరంలో అంగిలి మీద రావడం వైద్యుల కంట పడింది. మన దేశంలో వ్యాధి శాస్త్రానికి (పెథాలజీకి) పునాది వేసిన వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే ఈ చుట్ట క్యాన్సర్ గురించి రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితర పరిశోధకులు ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. వారిలో దాదాపు 44 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉంది.

అంగిలి మీద పుండుకు కారణం ఏమిటంటే పొగాకు అంటాడు వైద్యుడు. అది నిజం. గాలిలో, నీళ్లలో, చంకన బిడ్డతో గడిచే పని కాబట్టి ఆమె చుట్టను అలా తిప్పి పెట్టుకుంది అంటారు ఆమె బతుకు తెలిసినవాళ్లు. అదీ నిజమే. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం వల్లనే పొగ, మద్యం, పేదరికం, క్యాన్సర్ గురించి మనం మాట్లాడుకునే మాటలు ఎప్పుడూ తప్పుదారి పడుతున్నాయి. ఒక పక్క "తాగి తాగి తెచ్చుకున్నాడు" అనే తీర్పు, మరో పక్క "పేదవాడికి ఏ రోగమైనా వస్తుంది, బీడీని అని ఏం లాభం" అనే నిట్టూర్పు. రెండూ మనిషికి మేలు చేయవు. అలవాటు వాటా ఎంత, స్థితిగతుల వాటా ఎంత అన్నది విడదీసి చూడడానికి దారి ఉంది. ఆ పని చాలావరకు జరిగింది కూడా.

పొగ తాగడం మొదటి నుంచీ పేదల అలవాటు కాదు. 1948లో బ్రిటన్‌లో ప్రతి ఐదుగురు మగవాళ్లలో నలుగురు ఏదో ఒక రూపంలో పొగాకు తాగేవారు. ప్రభువులూ తాగేవారు, గని కార్మికులూ తాగేవారు, ఊపిరితిత్తుల రోగులకు మందిచ్చే డాక్టర్లూ తాగేవారు. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్ ఆసుపత్రుల్లోని రోగులను పరిశీలించి, సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1950లో ప్రకటించారు. మరుసటి ఏడాది వాళ్లు దేశంలోని డాక్టర్లందరికీ ఉత్తరం రాసి, మీరు పొగ తాగుతారా, ఎంత తాగుతారు అని అడిగారు. జవాబిచ్చినవారిలో 34,439 మంది పురుష డాక్టర్లను 2001 వరకు, అంటే యాభై ఏళ్లపాటు గమనించారు.

ఆ అధ్యయనాన్ని నేను గొప్పదిగా భావించడానికి కారణం దాని పరిమాణమో, అది సాగిన కాలమో మాత్రమే కాదు. అందులో ఉన్నవాళ్లంతా డాక్టర్లే. ఒకే చదువు, ఇంచుమించు ఒకే ఆదాయం, ఒకే రకం ఇళ్లు, వైద్యం ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే అవకాశం. పేదరికం అనే అంశం అక్కడ దానంతట అదే పక్కకు తప్పుకుంది. అయినా తాగేవారికీ తాగనివారికీ మధ్య తేడా భయంకరంగా ఉంది. పొగ మానకుండా సాగినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. 60 ఏళ్ల వయసులో మానినవాళ్లకు సుమారు మూడేళ్లు, 50లో మానినవాళ్లకు ఆరేళ్లు, 40లో మానినవాళ్లకు తొమ్మిదేళ్లు, 30లో మానినవాళ్లకు పూర్తిగా పదేళ్ల ఆయువు తిరిగి దక్కింది. కాబట్టి పొగ ఎవరినైనా చంపుతుంది. డబ్బు, చదువు దాని విషానికి విరుగుడు కావు.

ఇక రెండో వైపు. 1967లో లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే సుమారు 18 వేల మంది పురుష ఉద్యోగుల మీద మరో అధ్యయనం మొదలైంది. ఆ కార్యాలయాలున్న వీధి పేరు మీద దాన్ని వైట్‌హాల్ అధ్యయనం అంటారు. పరిశోధకుడు మైకేల్ మార్మట్ పేరు దీనితోనే ముడిపడి ఉంది. వీళ్లలో నిరుపేదలు ఎవరూ లేరు. అందరికీ స్థిరమైన ఉద్యోగం, నెలజీతం, అందరికీ ఒకే ఉచిత జాతీయ వైద్య సేవ. అయినా అట్టడుగు హోదాలో ఉన్న ఉద్యోగుల మరణాల రేటు పైస్థాయి అధికారులతో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఉంది. మెట్టు మెట్టుకూ తేడా కనిపించింది. కింది ఉద్యోగులు పొగ ఎక్కువగా తాగుతారు కదా అంటారా? ఆ లెక్క తీసేసి చూశారు. గుండెజబ్బు మరణాల్లో తేడా కొంత తగ్గింది కానీ పోలేదు. పొగ తాగనివారిలోనూ హోదాను బట్టి తేడా మిగిలే ఉంది.

ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు సగం విడుతుంది. అందరూ ఒకే వర్గానికి చెందినా అలవాటు చంపుతుంది. అలవాటు లేకపోయినా హోదా ఆయువును కోస్తుంది. కాకపోతే జబ్బును బట్టి ఈ వాటాలు మారతాయి. గుండెజబ్బులో స్థితిగతులు నేరుగా పనిచేసే పాలు ఎక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పొగాకుదే సింహభాగం. ప్రభాత్ ఝా, రిచర్డ్ పీటోల పరిశోధక బృందం 2006లో ఇంగ్లండ్, అమెరికా, కెనడా, పోలండ్ లెక్కలు తీసి చూసింది. 35 నుంచి 69 ఏళ్ల మగవాళ్లలో పై వర్గానికీ కింది వర్గానికీ ఉన్న మరణాల తేడాలో సగానికి పైగా పొగాకు వల్లనే వచ్చిందని తేల్చింది. అంటే ఆ దేశాల్లో పేదవాడి తొందర చావుకు ఒకే ఒక్క పెద్ద కారణాన్ని చెప్పమంటే, చెప్పాల్సింది సిగరెట్ పేరే.

1948లో అందరూ తాగే అలవాటు పేదల దగ్గర ఎందుకు మిగిలిపోయింది? పొగ హానికరమన్న వార్త ముందుగా చదువుకున్నవాళ్లకు చేరింది. వాళ్లకు మానుకోవడానికి వీలు కూడా ఉంది. నికోటిన్‌కు అలవాటు పడ్డ మెదడు మానేసిన మొదటి వారాల్లో చికాకు, నిద్రలేమి, ఆకలి, ఏకాగ్రత లేకపోవడం వంటివాటితో సతాయిస్తుంది. జీతం నష్టపోకుండా సెలవు పెట్టగలిగినవాడు, ఇంట్లో ఓ గదిలో ఒంటరిగా కూర్చోగలిగినవాడు, డాక్టరు దగ్గరికి వెళ్లి మందు తెచ్చుకోగలిగినవాడు ఆ వారాలను దాటేస్తాడు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి పని కోసం ఎదురుచూసే కూలీకి ఆ వెసులుబాటు లేదు. పైగా నికోటిన్ ఆకలిని అణిచిపెడుతుంది, మగతను దూరం చేస్తుంది. మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి జరిగిన రోజున హమాలీ బీడీ వెలిగించేది సరదాకు కాదు. రాత్రంతా లారీ నడిపే డ్రైవరు దవడన ఖైనీ పెట్టుకునేదీ సరదాకు కాదు. తన ఒంటితో ఆ రోజు పని చేయించుకోవడానికి అతనికి చవకగా దొరికే సాధనం అది. ఈ సంగతి తెలియకుండా ఇచ్చే ఉపన్యాసాలు అతని చెవికెక్కవు.

మన దేశంలో ఈ తేడా ఎంత అన్నదానికి ఒక గట్టి లెక్క ఉంది. 2010 నాటి క్యాన్సర్ మరణాలపై 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ ఏడాది దేశంలో సుమారు 5,56,000 మంది క్యాన్సర్‌తో చనిపోయారు. వారిలో పది మందిలో ఏడుగురు 30 నుంచి 69 ఏళ్ల లోపువాళ్లు, అంటే సంపాదించి ఇల్లు నడపాల్సిన వయసువాళ్లు. అతి తక్కువ చదువుకున్నవారి క్యాన్సర్ మరణాల రేటు బాగా చదువుకున్నవారి రేటుకు రెట్టింపు. క్యాన్సర్ అనేది ధనవంతుల రోగమని, కూడబెట్టినవాళ్లకు వచ్చే నాగరికతా వ్యాధి అని ఇప్పటికీ అనుకునేవాళ్లు ఈ ఒక్క సంఖ్యను గుర్తుపెట్టుకోవాలి.

బీడీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 7.7 శాతం మంది బీడీ తాగుతున్నారు, సిగరెట్ తాగేది 4 శాతం. ఇక పొగలేని పొగాకు, అంటే ఖైనీ, గుట్కా, జర్దా వంటివి వాడేవారు 21.4 శాతం. బీడీలో పొగాకు సిగరెట్‌లో ఉండేదానికంటే చాలా తక్కువ. అందుకే అది తక్కువ హాని చేస్తుందని చాలామంది నమ్ముతారు. అది పూర్తిగా తప్పు. బీడీ చుట్టే తునికాకు సిగరెట్ కాగితంలా గాలి పీల్చదు, సరిగ్గా కాలదు. నాలుగు సార్లు గట్టిగా లాగకపోతే ఆరిపోతుంది. అందుకని తాగేవాడు తరచుగా, లోతుగా దమ్ము లాగుతాడు. దాంతో తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు తీసిపోకుండా ఒంట్లోకి చేరతాయి.

చుట్టే చేతులు కూడా పేదవే. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంటి గడపలో చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. తడిపిన తునికాకును కత్తిరించి, చిటికెడు పొగాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. పొగాకు దుమ్ము ఆ గదిలోనే ఉంటుంది. పిల్లలూ అక్కడే ఉంటారు. బీడీ మీద పన్ను పెంచాలనే మాట వచ్చినప్పుడల్లా ఈ ఆడవాళ్ల జీవనోపాధిని అడ్డు పెడతారు. పన్ను తక్కువగా ఉన్న ఇన్నేళ్లలో వాళ్ల కూలి మాత్రం ఎక్కడికి పెరిగింది? 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. చుట్టేవాళ్లకు వేరే పని చూపించే బాధ్యతను పక్కనపెట్టి, తాగేవాళ్లకు విషాన్ని చవక చేయడం పేదల పక్షం కాదని నా గట్టి నమ్మకం. ధర పెరిగితే మొదట మానేది, తగ్గించేది పేదవాళ్లే. ఆ మేలు కూడా వాళ్లకే ముందు దక్కుతుంది.

ఇప్పుడు మద్యం. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. కడుపులోకి పోయిన ఆల్కహాల్‌ను శరీరం ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీసేది ముఖ్యంగా అదే. నాటుసారా అయినా, కల్లు అయినా, విదేశీ స్కాచ్ అయినా అందులో ఉన్న ఆల్కహాల్ ఒకటే, జరిగే మార్పూ ఒకటే. 2020లో ప్రపంచంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో సుమారు 7,41,000 మద్యం వల్ల వచ్చాయని అంచనా. పొగాకు పెట్టె మీద పుండు బొమ్మ చూసి మొహం తిప్పుకునే మధ్యతరగతికి, వారాంతపు సీసా గురించి మాత్రం ఈ భయం ఇంకా కలగలేదు.

పొగ, మద్యం కలిసినప్పుడు ప్రమాదం కూడిక లెక్కన కాకుండా గుణకారం లెక్కన పెరుగుతుంది. ఆల్కహాల్ నోటి, గొంతు లోపలి పొరను మెత్తబరిచి, పొగలోని విషాలు లోపలికి ఇంకడానికి దారి ఇస్తుంది. 1988లో అమెరికాలో విలియం బ్లాట్ బృందం నోటి, గొంతు క్యాన్సర్ల మీద చేసిన అధ్యయనంలో, రోజుకు రెండు పెట్టెలు లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు, నాలుగు పెగ్గులకు మించి మద్యం తాగేవారికి ప్రమాదం ఏ అలవాటూ లేనివారికంటే 35 రెట్లకు పైగా ఉందని తేలింది. సాయంత్రం బెల్టు షాపు ముందు సీసాతోపాటు బీడీ కట్టో, గుట్కా పొట్లమో చేతిలో ఉండే మనిషి ఈ గుణకారంలో ఉన్నాడు.

మద్యం విషయంలో పరిశోధకులను చాలాకాలం తికమక పెట్టిన వింత ఒకటుంది. బ్రిటన్ లాంటి దేశాల్లో పేదలు మొత్తం మీద ధనికులకంటే ఎక్కువ తాగరు. కొన్ని లెక్కల్లో తక్కువే తాగుతారు. కానీ మద్యం వల్ల ఆసుపత్రి పాలయ్యేది, చనిపోయేది వాళ్లే ఎక్కువ. ఒకే మోతాదుకు వేర్వేరు శిక్షలా? స్కాట్లాండ్‌లో ఆరోగ్య సర్వేలను ఆసుపత్రి రికార్డులతో, మరణ రికార్డులతో కలిపి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం పొగ, ఊబకాయం, ఒక్కసారే అతిగా తాగే అలవాటు వంటివన్నీ లెక్కలోంచి తీసేసి చూసింది. ఆ తర్వాత కూడా, అంతే మద్యం తాగిన పేదవాడికి ఎక్కువ హాని జరగడం కనిపించింది. అది క్యాన్సర్ ఒక్కదాని గురించిన లెక్క కాదు, మద్యం వల్ల కలిగే మొత్తం హాని గురించినది. కానీ దాని సారం ఇక్కడా వర్తిస్తుంది. తిండిలో ఆకుకూరలు, పళ్లు లేని మనిషికి, రక్తహీనత ఉన్న మనిషికి, కాలేయం అప్పటికే దెబ్బతిన్న మనిషికి ఆ గ్లాసు ఇంకా బరువుగా పడుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొందరిలో వరస తిరగబడుతుంది. పేదరికం వల్ల తాగడం కాకుండా, తాగడం వల్ల ఉద్యోగం పోయి, భూమి అమ్ముకుని పేదలైనవాళ్లు ఉంటారు. వాళ్లు కూడా లెక్కల్లో కింది వర్గంలోనే కనిపిస్తారు. అందుకే ఒక్క రోజు తీసిన సర్వేను చూసి ఏది కారణం, ఏది ఫలితం అని తేల్చకూడదు. ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలకు విలువ ఇక్కడే.

అన్ని క్యాన్సర్లూ పేదల వైపే మొగ్గవు. రొమ్ము క్యాన్సర్ చదువుకున్న, సంపన్న మహిళల్లోనే ఎక్కువగా వస్తుంది. ఆలస్యంగా తొలి కాన్పు, తక్కువ మంది పిల్లలు, తక్కువ కాలం పాలివ్వడం, బరువు, కొంతవరకు మద్యం దానికి కారణాలు. కానీ ఆ జబ్బు వచ్చాక బతికి బయటపడే అవకాశం మళ్లీ డబ్బును, చదువును బట్టే మారుతుంది. ప్రమాదం ఒక వర్గానిది, చావు మరో వర్గానిది. వర్గం రెండుసార్లు పనిచేస్తుంది. జబ్బు రావడానికి ముందు ఒకసారి, వచ్చిన తర్వాత ఇంకోసారి.

ఆ రెండోసారి గురించి మనం చాలా తక్కువ మాట్లాడతాం. మన దేశంలో నోటి క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది మూడో, నాలుగో దశలోనే ఆసుపత్రికి వస్తారు. బుగ్గ లోపల తెల్ల మచ్చగా ఉన్నప్పుడు నొప్పి ఉండదు. నొప్పి లేని మచ్చ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని పట్నానికి ఎవరు వెళతారు? నెలలు గడిచి, కారం తింటే మంట పుట్టి, నోరు రెండు వేళ్ల కంటే తెరుచుకోనప్పుడు బయలుదేరతారు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ ఖర్చుల భారం చాలామందికి తగ్గింది. ఆ మేలును తక్కువ చేసి చెప్పకూడదు. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో దూరపు మండలం నుంచి వచ్చినవాళ్లు ఆ వారాలన్నీ అక్కడే ఉండాలి. తోడుగా వచ్చిన మనిషి కూలి కూడా పోతుంది. కార్డు మీద అన్నీ ఉచితమే, కానీ మధ్యలో మానేసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో "బీడీ తాగుతావా?" అన్న ప్రశ్నకు తల వంచుకునే మనిషిని చూసినప్పుడల్లా, ఆయన్ను అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదేమో అనిపిస్తుంది. ఇక్కడ ఎక్కడ ఉంటున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని అడగాలి.

ఆడవాళ్లు కదిలితే ఏమవుతుందో ఈ నేల ఒకసారి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నుంచి పుట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. ఖజానాకు మద్యం రాబడి కావాల్సి వచ్చింది. ఆ అవసరం అప్పటి నుంచి తగ్గలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా అదే కథ.

నిషేధాల గురించి వాదించుకునే లోపు చేయదగిన పని ఒకటి మన కళ్ల ముందే ఉంది. 1996లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ఆర్. శంకరనారాయణన్ బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. డాక్టర్లు కాని పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి వెలుతురులో నోరు తెరిపించి చూడమన్నారు. తేడా కనిపించినవాళ్లను ఆసుపత్రికి పంపారు. 2005లో ప్రకటించిన ఫలితాల్లో, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. దానికి కావాల్సింది ఒక టార్చిలైటు, శిక్షణ పొందిన ఒక మనిషి. ఇది తెలిసి ఇరవై ఏళ్లు దాటింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నామని చెప్పిన మగవాళ్లు 1.2 శాతం, ఆడవాళ్లు 0.9 శాతం.

మీ ఇంట్లోనో, మీ దగ్గర పనిచేసేవాళ్లలోనో బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ, మద్యం అలవాటున్నవాళ్లు ఉంటే నోటిలో మూడు వారాలకు మానని పుండు, తుడిచినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మింగడం కష్టం కావడం, మెడలో గడ్డ వంటివాటిని గమనించమని చెప్పండి. వాటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే దంత వైద్యుడికో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో చూపించాలి. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. మీరు కూలి ఇచ్చేవాళ్లయితే, ఆ ఒక్క రోజు కూలి కోత పెట్టకుండా వాళ్లను ఆసుపత్రికి పంపండి.